వాషర్ డబ్బాలో నీళ్ళున్నాయా?

షవ్వాల్ నెలలో మా మదరసాలో కొత్త విద్యా సంవత్సరం మొదలవుతుంది. చిన్న తరగతుల విద్యార్థులకు మొట్టమొదట బోధించేది తహారత్ అధ్యాయమే. ఏ నీరు శుద్ధమైనది, ఏ నీటితో వుజూ చెల్లుతుంది, బట్టలకు ఏది అంటితే కడుక్కోవాలి అనే విషయాలు పిల్లలు ఎంతో ఆసక్తితో వింటారు. ఈ ఏడు ఆ పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు.

"హజ్రత్, మా అబ్బా కిరాయి కారు నడుపుతారు. కారు ముందు అద్దం కడిగే మందులో స్పిరిట్ కలుపుతారని ఎవరో చెప్పారట. కిటికీలోంచి ఆ చుక్కలు బట్టల మీద పడితే నమాజు అవుతుందా?"

ప్రశ్న చక్కనిదే. దానికి మేము చెప్పిన సమాధానం ఈ వ్యాసంలో ముందు ముందు వస్తుంది. అయితే ఆ అబ్బాయి కూర్చున్నాక మాకు మరో ఆలోచన కలిగింది. ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాం. చుక్క పడితే ఏమవుతుందని అడిగినవారు ఉన్నారు. ఆ డబ్బా ఖాళీగా ఉంటే ఏమవుతుందని అడిగినవారు మాత్రం ఒక్కరూ లేరు. ఇతరుల సంగతి ఎందుకు? రెండేళ్ళ క్రితం వరకు మేమూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆ రోజు శామీర్‌పేట వైపు ఒక వలీమా విందుకు వెళ్ళాం. మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి జల్లు పడిన మర్నాడు. మగ్రిబ్ నమాజు అక్కడే ముగించుకొని సికింద్రాబాదుకు తిరుగు ప్రయాణమయ్యాం. కారు నడుపుతున్నది మా చెల్లెలి కుమారుడు. వెనుక సీటులో మా ఇంటివారు, మనవరాలు కూర్చున్నారు. తూముకుంట దాటాక రోడ్డు పక్కనున్న దీపాల చుట్టూ ఉసిళ్ళు మేఘంలా లేచాయి. తొలి వాన తర్వాత పుట్టల్లోంచి బయటికి వచ్చి వెలుగు వైపు ఎగిరే ఆ రెక్కల పురుగులు క్షణాల్లో కారు అద్దం నిండా అతుక్కుపోయాయి.

మేనల్లుడు నీళ్ళు చల్లే మీట లాగాడు. మోటారు చప్పుడైతే వినిపించింది గాని అద్దం మీద ఒక్క చుక్కా పడలేదు. అలవాటు ప్రకారం వైపర్లు మాత్రం కదిలాయి. చితికిన పురుగుల జిడ్డు, అంతకుముందే పేరుకొని ఉన్న దుమ్ము కలిసి అద్దమంతా మజ్జిగ పూసినట్లు తెల్లగా పరుచుకున్నాయి. ఎదురుగా వచ్చే లారీల దీపాలు ఆ పూత మీద పడి చెదిరిపోతుంటే, ఎదుట ఏమున్నదో తెలియని పరిస్థితి ఏర్పడింది.

"మామూ, ఏమీ కనిపించట్లేదు" అన్నాడు.

"నెమ్మదిగా పక్కకు తీసి ఆపు బేటా" అన్నాం. అతను పక్కకు తిప్పుతూ ఉండగానే ఒక్కసారిగా బ్రేకు వేశాడు. కారు ముందు, చేయి చాస్తే అందేంత దూరంలో, మామిడిపండ్ల బండి తోసుకుంటూ ఒక వృద్ధుడు నిలబడి ఉన్నాడు. ఆయన కేకలు వేయలేదు, తిట్టనూ లేదు. బండిలోంచి జారి పడిన రెండు పండ్లను వంగి ఏరుకొని, మా వైపు చూసి, "సూస్కోవద్దా బిడ్డా? గంత పెద్ద అద్దం ఎందుకున్నది మరి?" అన్నాడు.

మేనల్లుడి చేతులు వణుకుతున్నాయి. మేము దిగి ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పుకున్నాం. వెనుక సీటులోని తాగునీటి సీసాతో, మా భుజం మీది రుమాలుతో అద్దం తుడుచుకొని ఇల్లు చేరాం. ఆయన మాట మాత్రం ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

మర్నాడు కారును రాణీగంజ్‌లో మాకు తెలిసిన మిస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన బానెట్ ఎత్తి ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తెరిచి, లోపలికి టార్చి వేసి చూపించాడు. అడుగున గుక్కెడు నీళ్ళయినా లేవు. గోడల నిండా సున్నం వేసినట్లు తెల్లని పొర ఉంది. "మౌల్వీ సాబ్, ఇందులో నీళ్ళు పోసి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు. మేనల్లుడు మా వైపు చూశాడు, మేము మేనల్లుడి వైపు చూశాం. పెట్రోలు ఎవరు పోయించాలో, టైర్లలో గాలి ఎవరు చూడాలో మా ఇంట్లో ఒక ఏర్పాటు ఉంది. ఈ డబ్బా సంగతి మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది. కారు పాతదే కొన్నాం. కొన్నప్పుడు అందులో ఉన్న నీళ్ళు, ఆ తర్వాత ఒకటి రెండుసార్లు బోరు పంపు నుంచి పట్టి పోసిన నీళ్ళు, అంతే. ఆ రోజు మిస్త్రీ దగ్గర నేర్చుకున్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ నెల మా ఉద్దేశం.

ముందుగా ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. కారు బానెట్ కింద ఒక ప్లాస్టిక్ డబ్బా, దానికి ఆనుకొని ఒక చిన్న విద్యుత్ పంపు ఉంటాయి. స్టీరింగు పక్కనున్న మీట లాగినప్పుడు పంపు తిరిగి, సన్నని గొట్టం ద్వారా నీటిని బానెట్ మీది చిన్న రంధ్రాలకు పంపుతుంది. అక్కడి నుంచి నీరు అద్దం మీద చిమ్ముతుంది. డబ్బాలో పట్టే పరిమాణం కారును బట్టి మారుతుంది. చిన్న కార్లలో రెండు లీటర్ల అటూ ఇటూగా, పెద్దవాటిలో అంతకంటే ఎక్కువ పడుతుంది. చాలా కార్లలో అది తగ్గిందని చెప్పే గుర్తు డ్రైవరు ముందు ఉండదు. పెట్రోలు ముల్లులా తనంతట తాను హెచ్చరించదు కనుక మనమే తెరిచి చూడాలి.

ఈ అద్దం తుడిచే పరికరానికి ఒక చరిత్ర ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ ఆండర్సన్ అనే మహిళ శీతాకాలంలో న్యూయార్కు నగరానికి వెళ్ళింది. మంచు కురుస్తుంటే ట్రాము నడిపే వ్యక్తి ఎదుటి దారి కనిపించక అద్దం కిటికీ తెరుచుకొని, చలిగాలి ముఖాన కొడుతుండగా బండి నడపడం చూసింది. లోపలి నుంచే పిడి తిప్పి అద్దం తుడిచే రబ్బరు పట్టీని ఆలోచించి, 1903లో దానికి పేటెంటు పొందింది. ప్రయాణికురాలిగా కూర్చున్న ఆమెకు డ్రైవరు చూపు తనకూ సంబంధించిన విషయమేనని తోచింది. మనకు తోచవలసినదీ అదే.

మన దేశ చట్టమూ ఈ చూపును తేలికగా తీసుకోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు అద్దం గుండా కనీసం 70 శాతం కాంతి ప్రసరించాలి. ఆ నిబంధనల ఆధారంగానే 2012లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్లని ఫిల్ములు అంటించడాన్ని నిషేధించింది. ఫిల్ము ఉంటే పోలీసులు ఆపుతారని భయపడి తీసివేసిన మనం, అదే అద్దం మీద వారాల తరబడి పేరుకునే మట్టిని, జిడ్డును పట్టించుకోవడం లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. అద్దం మసకబారి రెండు సెకన్లు ఎదుటి మనిషి కనిపించకపోతే, అంతలోనే కారు 33 మీటర్ల దూరం దాటుతుంది.

ఇక ఏ నీరు పోయాలి? జంటనగరాలు గ్రానైటు రాతి నేల మీద వెలిసినవి. మన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉంటాయి. బిందె అంచున, గీజరు లోపల, కుళాయి మూతి వద్ద పేరుకునే తెల్లని గార అదే. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరులో 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఆమోదయోగ్యం, వేరే దారి లేనప్పుడు 600 వరకు అనుమతి. అంత కాఠిన్యమున్న నీరు సూది మొనంత రంధ్రంలోంచి రోజూ చిమ్మి, ఎండకు ఆరుతూ ఉంటే ఆ రంధ్రం ఎన్నాళ్ళు తెరుచుకొని ఉంటుంది? మా కారుకు జరిగింది ఇదే. అద్దం మీద ఆరిన చుక్కలు కూడా తెల్లని మచ్చలై, రాత్రివేళ ఎదుటి దీపాలకు మెరుస్తాయి.

కనుక మేలైనది డిస్టిల్డ్ నీరు, అంటే బ్యాటరీలో పోసేందుకు పెట్రోలు బంకుల్లోనూ విడిభాగాల దుకాణాల్లోనూ అమ్మేది. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే తాగడానికి వచ్చే నీరూ మంచిదే. ఇక్కడ గృహిణులకు ఒక మనవి. ఆర్వో యంత్రం పక్క గొట్టం ద్వారా వదిలేసే నీటిని వృథా చేయకుండా బకెట్టులో పట్టి ఉంచే మంచి అలవాటు మన ఇళ్ళలో చాలామందికి ఉంది. ఇల్లు తుడవడానికి, బాత్రూము కడగడానికి అది పనికివస్తుంది. కాని కారు వాషర్ డబ్బాలో మాత్రం దానిని పోయవద్దు. యంత్రం తాగునీటి నుంచి వేరుచేసిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే. పొదుపు అనుకొని పోసినది గొట్టాలకు చేటు తెస్తుంది.

నీరు ఒక్కటే సరిపోతుందా అంటే, సరిపోదు. దుమ్మును నీరు కడుగుతుంది గాని ఉసిళ్ళ జిడ్డును, డీజిలు పొగ నుంచి అద్దం మీద చేరే నూనె పొరను కడగలేదు. పైగా ఆరోగ్యానికి సంబంధించిన విషయం ఒకటుంది. వెచ్చని, నిలవ నీటిలో లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మాజీ సైనికుల మహాసభకు హాజరైనవారు తీవ్రమైన న్యుమోనియా పాలు కావడంతో ఈ జీవి బయటపడింది, ఆ సంఘం పేరే దానికి వచ్చింది. అది ఒకరి నుంచి మరొకరికి మామూలుగా సోకదు. కలుషితమైన నీటి తుంపరలను పీల్చినప్పుడు ఊపిరితిత్తులను చేరుతుంది. ఇంగ్లండులో ఆరోగ్య పరిరక్షణ సంస్థ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, వాషర్ డబ్బాలో మందు కలపని వట్టి నీళ్ళు వాడే డ్రైవర్లకు ఈ జబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. చల్లని దేశంలోనే ఇలా ఉంటే, మే నెలలో బానెట్ కింద నెలల తరబడి కాగే మన వట్టి నీళ్ళ విషయంలో ఉదాసీనత తగదు. భయపడవలసిన పని లేదు. తగిన వాషర్ మందు కలపడం, నీటిని నెలల తరబడి నిలవ ఉంచకపోవడం చాలు.

మందు అనగానే చాలామంది వంటింట్లోకి వెళతారు. గిన్నెలు తోమే సబ్బు ద్రవం, బట్టల సబ్బు పొడి, తల రుద్దుకునే షాంపూ, చివరకు కిరోసిను కూడా పోసేవారున్నారు. వంటింటి సబ్బులు విపరీతంగా నురగ వచ్చేలా చేసినవి. ఆ నురగ అద్దం మీద ఆరి చారలవుతుంది, ఎదురెండలో ఆ చారలు కళ్ళకు అడ్డుపడతాయి. సబ్బు పొడి పూర్తిగా కరగక గొట్టంలో ముద్ద కడుతుంది. కిరోసిను వైపర్ రబ్బరును పాడుచేస్తుంది, అద్దానికి మరింత జిడ్డు పూస్తుంది. కారు ఒళ్ళు కడిగే షాంపూ కూడా వేరు, అద్దానికి చిమ్మే ద్రవం వేరు.

దుకాణంలో కొనేటప్పుడు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. సీసా మీద విండ్‌షీల్డ్ వాషర్ ద్రవం అని స్పష్టంగా రాసి ఉండాలి. నేరుగా పోసేదా, నీటిలో కలిపి పోసేదా చూసుకోవాలి. నీటిలో కలిపేదైతే సీసా మీద చెప్పిన పాళ్ళకు మించి వేయరాదు, ఎక్కువైతే అద్దం మీద పొర కడుతుంది. నీటిలో వేస్తే కరిగే బిళ్ళలూ వస్తున్నాయి, అవి పూర్తిగా కరిగాకే పోయాలి. రెండు రకాల మందులు ఒకదానిలో ఒకటి కలిపితే కొన్నిసార్లు జిగురులా మారే అవకాశం ఉంది కనుక, పాతది అయిపోయాకే కొత్త రకం పోయడం మంచిది. రంగును చూసి నాణ్యతను నిర్ణయించలేం.

కొన్ని సీసాల మీద మైనస్ 20 డిగ్రీల వరకు గడ్డకట్టదని రాసి ఉంటుంది. చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మన పిల్లలకు అది అత్యవసరం. అక్కడ శీతాకాలంలో వట్టి నీళ్ళు పోస్తే గడ్డకట్టి, వ్యాకోచించి, డబ్బాను, పంపును పగలగొడతాయి. నీళ్ళు అద్దం మీద పడిన మరుక్షణమే మంచు పొరగా మారుతాయి. సికింద్రాబాదులో ఎంతటి చలిలోనూ నీరు గడ్డకట్టదు. మనకు కావలసినది పురుగుల జిడ్డును, దుమ్మును వదిలించే గుణమే. చలికాలంలో కాశ్మీరు, లదాఖ్ వంటి చోట్లకు కారులో వెళ్ళేవారు మాత్రమే ఆ రకం గురించి ఆలోచించాలి.

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు వద్దాం. గడ్డకట్టకుండా ఉండేందుకు కలిపేవి సాధారణంగా ఇథనాలు, ఐసోప్రొపైలు, మిథనాలు అనే ఆల్కహాళ్ళు. వేడి ప్రాంతాలకు ఉద్దేశించిన ద్రవాలకు ఇవి తప్పనిసరి కావు. ఉన్నాయనే అనుకున్నా, ఈనాడు పరిశ్రమలలో వాడే ఆల్కహాలు ద్రాక్ష నుంచో ఖర్జూరం నుంచో తీసినది కాదు. మన దేశంలో ఇథనాలు ప్రధానంగా చెరకు మడ్డి నుంచి, ధాన్యం నుంచి వస్తుంది. ఐసోప్రొపైలు పెట్రోలియం నుంచి, మిథనాలు సహజవాయువు, బొగ్గుల నుంచి తయారవుతాయి. ద్రాక్ష, ఖర్జూరాల మద్యానికీ ఇతర పదార్థాల నుంచి తీసినదానికీ హనఫీ ఇమాములు చూపిన తేడా ఆధారంగా, మందులలోనూ అత్తరులలోనూ వాడే నేటి ఆల్కహాలు విషయంలో వెసులుబాటు ఉందని ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ సాహెబు 'తక్మిలా ఫత్హుల్ ముల్హిమ్'లో చర్చించారు. ఇతర మస్లక్‌లలో దీనికంటే కఠినమైన అభిప్రాయాలూ ఉన్నాయి. మనసులో సంకోచం ఉన్నవారు ఆల్కహాలు లేని రకం కొనుక్కోవచ్చు, లేదా చుక్క పడిన చోట కడుక్కోవచ్చు. తమ మస్లక్ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం ఇంకా మంచిది. ఆ అబ్బాయికి మేము ఇదే చెప్పాం.

అయితే ఆ జాబితాలోని మిథనాలు గురించి మరో మాట చెప్పాలి. అది బట్టలకు అంటితే ఏమవుతుందన్నదాని కంటే, కడుపులోకి పోతే ఏమవుతుందన్నది పెద్ద ప్రశ్న. అది ఘోరమైన విషం. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు. కల్తీ సారా తాగి గుడ్డివారైన, మరణించిన వారి వార్తల వెనుక ఉండేది తరచుగా ఇదే. ఐరోపా సమాఖ్య 2018లో చేసిన నిబంధన ద్వారా సాధారణ ప్రజలకు అమ్మే అద్దం కడిగే ద్రవాలలో మిథనాలు 0.6 శాతానికి చేరరాదని కట్టడి చేసింది. కనుక మిథనాలు లేదని రాసి ఉన్న సీసానే ఎంచుకోండి.

మిగిలిన మందును తాగునీటి సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో పోసి ఉంచే అలవాటు మన ఇళ్ళలో ఉంది. దయచేసి మానుకోండి. నీలి రంగులో నిగనిగలాడే ఆ ద్రవం పసిపిల్లల కంటికి షర్బత్‌లా కనిపిస్తుంది. అది కొన్న సీసాలోనే, మూత బిగించి, పిల్లల చేతికి అందని ఎత్తులో ఉండాలి. పొరపాటున ఎవరైనా తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. మనిషి బాగానే కనిపిస్తున్నాడని ఆలస్యమూ చేయకండి, మిథనాలు లక్షణాలు కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. వెంటనే 108కి ఫోను చేసి, ఆ సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్ళండి.

ఇక నింపే విధానం. అది పది నిమిషాల పని. కారును చదునైన చోట ఆపి, ఇంజను చల్లారనివ్వాలి. బానెట్ ఎత్తితే కొన్ని మూతలు కనిపిస్తాయి. అద్దం బొమ్మ, దాని మీద నీటి తుంపర గుర్తు ఉన్నదే మనకు కావలసిన మూత. రేడియేటరు, కూలెంటు మూతల మీద వేడి గురించిన హెచ్చరిక ఉంటుంది. ఇంజను వేడిగా ఉండగా వాటిని తెరిస్తే మరుగుతున్న ద్రవం ముఖాన చిమ్ముతుంది. అంతేకాదు, కూలెంటు డబ్బాలో వాషర్ మందు పోస్తే ఇంజనుకు హాని, వాషర్ డబ్బాలో కూలెంటు పోస్తే అద్దం మీద జిడ్డు. ఏది ఏదో సందేహం కలిగితే కారుతో వచ్చిన పుస్తకం చూడండి, లేదా మిస్త్రీని ఒక్కసారి చూపించమనండి.

మూత తీసి, శుభ్రమైన గరాటుతో నెమ్మదిగా పోయాలి. నూనె పోసిన గరాటు వాడరాదు. డబ్బా మెడ వరకు వచ్చాక ఆపి, మూత గట్టిగా నొక్కి, మీట లాగి నీరు రెండు వైపులా సమంగా పడుతోందో లేదో చూసుకోవాలి. రంధ్రం మూసుకుపోతే సన్నని సూదితో జాగ్రత్తగా గార తీయవచ్చు. మొండి గార అయితే కొద్దిగా సిర్కా అద్ది, కాసేపు ఉంచి నీటితో కడిగేయాలి. డబ్బాలో మాత్రం సిర్కా పోసి వదిలేయకూడదు. నీరు రానప్పుడు మీటను అదేపనిగా లాగితే పంపు ఎండిపోయి పాడవుతుంది.

వాడే పద్ధతిలోనూ తెలుసుకోవలసినది ఉంది. పొడి అద్దం మీద వైపర్లను ఎన్నడూ తిప్పకండి. రబ్బరు కింద చిక్కిన ఇసుక రేణువులు అద్దాన్ని గీస్తాయి, ఆ గీతలు ఇక పోవు. ముందు నీరు పడాలి, ఆ తర్వాతే వైపరు కదలాలి. మన ఎండలకు రబ్బరు బిగుసుకుపోయి పెళుసెక్కుతుంది కనుక, ఏడాదికోసారి మృగశిరకు ముందే మార్చుకోవడం ఉత్తమం. అద్దం లోపలి వైపు పేరుకునే పొరను ఏ వాషరూ కడగలేదు, దానిని మెత్తని గుడ్డతో మనమే తుడవాలి. నీటి వృథా కూడా మంచిది కాదు. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే రెండు చేతులు కలిపి పట్టిన దోసెడు నీటితో వుజూ చేసుకునేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అద్దానికి రెండు క్షణాలు చల్లితే చాలినచోట పది క్షణాలు చల్లనవసరం లేదు. పొదుపంటే తక్కువ వాడడమే గాని డబ్బాను ఖాళీగా ఉంచడం కాదు.

ఇవన్నీ చిన్న విషయాలుగా తోచవచ్చు. దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని మనం పిల్లలకు చిన్ననాటి నుంచే నేర్పుతాం. ముల్లు తీసి పక్కన పడేసిన పిల్లవాడిని మెచ్చుకుంటాం. మరి తన ఎదుట ఏమున్నదో చూడలేని కారు దారిలో ముల్లు కంటే చిన్న ప్రమాదమా? ఆ రోజు రోడ్డు మీద మామిడిపండ్ల బండి తోస్తున్న ఆ పెద్దాయనకు మా మీద ఒక హక్కు ఉంది. ఆయన మాకు కనిపించాలి, అదే ఆ హక్కు. మేము ఆ హక్కును మరిచాం. ఆయన క్షేమంగా ఇల్లు చేరింది మా జాగ్రత్త వల్ల కాదు, కేవలం అల్లాహ్ కరుణ వల్ల. హుఖూఖుల్ ఇబాద్ గురించి ఎన్నో ప్రసంగాలు చేసిన మాకు ఈ సంగతి చెప్పడానికి ఒక పండ్ల వ్యాపారి కావలసి వచ్చాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. నెలకోసారి, గురువారం అసర్ తర్వాత మేనల్లుడు బానెట్ ఎత్తుతాడు, మనవరాలు గరాటు పట్టుకుంటుంది. వానకాలంలోనైతే పక్షానికి ఒకసారి. మా మదరసా పిల్లలను తీసుకొచ్చే వ్యాను డ్రైవరునూ అడిగాం, "భాయ్, డబ్బాలో నీళ్ళున్నాయా?" అని. మొదట నవ్వాడు. మీట లాగి చూస్తే చుక్క పడలేదు. ఆ మర్నాడే నింపించాడు. మీ పిల్లలు ఎక్కే బడి వ్యాను డ్రైవరును కూడా మర్యాదగా ఒకసారి అడగండి. ఆటో నడిపే సోదరులకు ఈ డబ్బా సౌకర్యం ఉండదు. వారు ఒక నీటి సీసా, శుభ్రమైన గుడ్డ సీటు కింద ఉంచుకొని, దీపాలు వెలిగించే వేళకు ముందే అద్దం తుడుచుకోవచ్చు. కారు నడిపే సోదరీమణులు ఇది మగవారి పని అనుకోనవసరం లేదు, ఇందులో బలంతో చేయవలసినది ఏదీ లేదు.

పాఠం చివర మా విద్యార్థిని మేమూ ఒక ప్రశ్న అడిగాం. "ఇవాళ ఇంటికి వెళ్ళాక అబ్బాను ఏమని అడుగుతావు?" వాడు కొంచెం ఆలోచించి, "చుక్క పడితే ఫరవాలేదట అబ్బా, డబ్బా నిండుగా ఉందా అని అడుగుతా హజ్రత్" అన్నాడు.

మన చూపు వల్ల, మన ప్రయాణం వల్ల ఇతరులకు హాని కలగకుండా నడుచుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.